సుద్ద కావలి

మా ముందు గదిలో తాండూరు బండలు తొమ్మిది వరసలు. తలుపు దగ్గరిది మొదటి వరస. నా మంచం కిందిది తొమ్మిదోది. ఇది గుర్తుపెట్టుకోండి.

అనంతగిరి గుట్ట మీద, వికారాబాద్‌కు దిగే రోడ్డు నుంచి కొంచెం లోపలికి, రెండు గదుల ఇంట్లో ఉంటాను. రాయడం నా పని. రాణులు, మంత్రాలు, గాలిలో తేలే కోటలు ఉండే కథలు రాస్తాను. పుస్తకాలుగా వేస్తే ఎవరూ కొనలేదు. అవే కథలు ఫోన్‌లో వినేలా చేస్తే జనం ఎగబడ్డారు. నేనే రాసి, నేనే చదివి, రికార్డు చేసి వారానికో భాగం పంపిస్తాను. ఆదివారాలు హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చేవాళ్లు నా గేటు ముందు ఫోటోలు దిగి, ఎంత ప్రశాంతంగా బతుకుతున్నారండీ అంటారు. వాళ్లు పారేసి పోయిన చిప్స్ కవర్లు సోమవారం నేను ఏరుకుంటాను.

నాతో ఒక కుక్క ఉండేది. ఇక్కడికి రాకముందు తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో పదకొండేళ్లు పనిచేశాను. రాయి కోసే మిషన్ల కింద పారే తెల్లటి బురదలో ఒక కుక్కపిల్ల కూరుకుపోతుంటే మెడ పట్టుకుని బయటికి లాగాను. ఒళ్లంతా తెల్లగా ఉందని సుద్ద అని పేరు పెట్టాను. ఇంటికి తెచ్చి కడిగితే నల్లకుక్క తేలింది. పేరు మార్చడానికి నాకు బద్ధకం. యాలాల్‌లో మా అమ్మ చూసి, "నల్లకుక్కకు సుద్దని పేరువెట్టినవ్. నీ కతలు గూడ గిట్లనే ఉంటయా?" అంది.

కథలు చదవడానికి గది మూలలో, తలుపుకు ఎడమ పక్కన, మూడు గొంగళ్లు వేలాడదీశాను. వాటి మధ్య ఒక స్టూలు, బ్యాటరీతో నడిచే ఒక మైకు. గొంగళ్లుంటే గొంతు మార్మోగదు. అవి నాకిచ్చింది కాశమ్మ. గుట్ట కింద గొర్ల మంద ఆమెది. అరవై దాటిన మనిషి, మాట సూటిగా ఉంటుంది. నా మూల చూసి, చలికి కప్పుకునేటోళ్లను చూసిన, వానకు కప్పుకునేటోళ్లను చూసిన, గోడకు కప్పెటోళ్లను నిన్నే చూస్తున్న అని నవ్వింది.

చదివేటప్పుడు సుద్దను వసారాలోకి పంపి గడియ పెట్టేదాన్ని. లోపల ఉంటే తోక నేలకు కొట్టి శబ్దం చేస్తాడు. పని అయ్యాక, "సుద్దా... రా" అని పిలిచి తలుపు తీసేదాన్ని. ఒకసారి మైకు ఆపడం మరిచిపోతే ఆ పిలుపు కూడా రికార్డులో పడింది. హైదరాబాద్‌లో నా భాగాలు చూసుకునే ప్రేమ్‌సాగర్, నవాబుపేట అబ్బాయి, అది తీసేయకండి మేడమ్ అన్నాడు. కథలో రాణికి ఒక కుక్కను పెట్టాను, పేరు కూడా మార్చలేదు. ప్రతి భాగం చివర రాణి తన కుక్కను పిలుస్తుంది. వినేవాళ్లకు రాణి పేరు గుర్తుండేది కాదు. సుద్ద పేరు అందరికీ వచ్చు.

జూన్ ఆఖరి శుక్రవారం. తొలి వానలకు గుట్టంతా పచ్చి ఆకు వాసన. సాయంత్రం ఆరింటికి సుద్దను బయటికి పంపి కూర్చున్నాను. రాణి వంతెన దాటే ఘట్టం. గొంతు చక్కగా కుదిరింది. సరిగ్గా అప్పుడే వాడు మొదలుపెట్టాడు. మూడుసార్లు మొరిగాడు. కాస్త ఆగి రెండుసార్లు. లోపలికి రానిమ్మని గోల చేస్తున్నాడనుకున్నాను.

"నోర్ముయ్, సుద్దా," అని అరిచాను.

ఆరో మొరుగు మీద నా అరుపు పడింది. ఆ తర్వాత చప్పుడు లేదు. మాట విన్నాడనుకుని ఇంకో గంట చదివాను.

తలుపు తీస్తే గడప మీద పడి ఉన్నాడు. తల గేటు వైపు, వెనక కాళ్లు నా వైపు. వీపు మీద వెంట్రుకలు ఇంకా నిక్కపొడుచుకునే ఉన్నాయి. ముట్టుకుంటే ఒళ్లు చల్లగా ఉంది.

పొద్దున వికారాబాద్ నుంచి పశువుల డాక్టరు వచ్చి, పామై ఉంటుందన్నాడు. కాటు ఎక్కడ అని అడిగితే వెంట్రుకల్లో కనపడదన్నాడు. ఆయన వెళ్లాక వేలెడు వేలెడు చొప్పున వెంట్రుకలు పాయలు తీసి చూశాను. కాటు లేదు.

కాశమ్మ పార తెచ్చింది. సీతాఫలం చెట్టు కింద గుంత తీసి పూడ్చాం. నేను చేతులు దులుపుకుని లేస్తుంటే ఆపింది. కావలి కాసిన కుక్కను ఊరికే పూడ్చకూడదట. కావలి దింపాలి. లేకపోతే చచ్చినా అక్కడే నిలబడి ఉంటుంది. వాళ్ల మందలో ఏ కుక్క పోయినా యజమాని జొన్నరొట్టె ముక్క గుంత మీద పెట్టి, నీ కావలి అయిపోయింది, ఇక పిలవను అని మాటివ్వాలి. ఆ తర్వాత ఆ పేరు నోటితో అనకూడదు. కొత్త కుక్కకు కూడా ఆ పేరు పెట్టరు.

మాది చర్చికి పోయే ఇల్లు. ఇలాంటివి నమ్మను, కథల్లో వాడుకుంటాను. ఇది కూడా వాడుకోవచ్చని అప్పుడే, గుంత పక్కనే, మనసులో రాసిపెట్టుకున్నాను. ఆమె కొంగులోంచి రొట్టె ముక్క తీసిస్తే పెట్టాను. చెప్పమన్న మాటలు చెప్పాను.

"ఇగ పిలువకు బిడ్డా," అంది. "పిలిస్తె వస్తది. అదొక్కతే రాదు. దేనికి అడ్డం నిలవడ్డదో, అది గూడ ఎంట వస్తది."

ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాను. నిజంగానే బాధపడ్డాడు. తర్వాత, కుక్క పోయిందని ఎక్కడా చెప్పకండి మేడమ్ అన్నాడు. పిల్లలు బొమ్మలు గీసి పంపుతున్నారు. ఇంకా ఆరు భాగాలున్నాయి.

ఆరు రోజులకు పిలిచాను. గొంతు వణుకుతుందేమో అనుకున్నాను. వణకలేదు. ఇప్పటికీ అదే నాకు చేదుగా ఉంటుంది.

అంతటితో ఆగలేదు. ఆ శుక్రవారం రికార్డులో వాడి మొరుగులు శుభ్రంగా పడ్డాయి. నా అరుపును కోసి పారేశాను. మిగిలినవి మూడు, రెండు, చివర సగం. ఆ ముక్కను ప్రతి భాగంలో పెట్టాను. కుక్క ఎంత బాగా మొరుగుతోందో అని రాశారు జనం.

మొదటి వారం, మర్నాడు పొద్దున, గేటు దగ్గర తెల్లటి అడుగులు కనిపించాయి. రెండో వారం వసారా మెట్ల మీద. మూడో వారం వసారాలో. ఎండిన తెల్లబురద. గోటితో గీకి వాసన చూశాను. రాయి కోస్తున్నప్పుడు వచ్చే తడి వాసన. పదకొండేళ్లు పీల్చిన వాసన, పొరపాటు పడను. తాండూరు ఇక్కడికి నలభై కిలోమీటర్లు. గుట్ట మీద ఉన్నది ఎర్రమట్టి.

గేటు దగ్గర అడుగుల పక్కనే గడ్డి ఒక వారన వంగి ఉంది. తడిసిన బస్తాను ఎవరో ఈడ్చుకుపోయినట్టు. ఆ జాడలో ఏ కాలి గుర్తూ లేదు.

నీళ్లు పోసి కడిగేశాను.

నాలుగో వారం కాశమ్మ గేటు బయటే నిలబడింది. ఆమె వెంట ఎప్పుడూ వచ్చే రెండు కుక్కలూ ఇరవై గజాల అవతల ఆగిపోయి నేలకు కరుచుకుని కూర్చున్నాయి.

"పిలుస్తున్నవా?" అని అడిగింది.

"లేదు."

"మా కోడలు అశ్విని ఫోన్‌ల ఇంటది నీ కత. ఆఖరుకు నీ గొంతే."

"అది కత పెద్దమ్మా. రాణి పిలుస్తది, నేను కాదు."

"రాణికి గొంతు ఎవరిచ్చిండ్రు?"

ఇంకో రెండు భాగాలే ఉన్నాయని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపి, కుక్కల వైపు నడిచిపోయింది.

ఆఖరి భాగానికి రెండు ముగింపులు రాశాను. మొదటి దాంట్లో రాణి తన కుక్క తల నిమిరి, నీ కావలి అయిపోయింది, ఇక పిలవను అంటుంది. కాశమ్మ మాటలే. అలా చదివేస్తే కథా తీరుతుంది, సుద్ద సంగతీ తీరుతుందని నా లెక్క. ప్రేమ్‌సాగర్ ఒప్పుకోలేదు. రెండో కథ కూడా అడుగుతున్నారు మేడమ్, కుక్క రావాలి అన్నాడు. వాదించవచ్చు. వాదించలేదు. రెండో ముగింపు తీసుకుని కూర్చున్నాను.

ఆగస్టు మొదటి శుక్రవారం. మధ్యాహ్నం నుంచి ముసురు. మబ్బు గుట్ట మీదికి దిగి కిటికీలకు అంటుకుంది. ఆరింటికే చీకటి పడింది. కరెంటు పోయింది. చెమ్మెక్కిన గొంగళ్ల నుంచి గొర్రె వాసన వస్తోంది. ఫోన్ వెలుతురులో కాగితాలు పెట్టుకుని చదివాను. పెంకుల మీద వాన సన్నగా, తెగకుండా పడుతోంది. మైకులో అది కూడా పడుతుంది, పడనీ అనుకున్నాను. చివరి పేజీకి వచ్చేసరికి ఆరున్నర.

"సుద్దా... రా."

వాన ఆగింది. నెమ్మదించడం కాదు. ఆగిపోయింది.

గేటు కిర్రుమంది.

కంకర మీద అడుగులు. ఆ తర్వాత మెట్ల మీద గోళ్ల చప్పుడు. టక్, టక్, టక్... నాలుగేళ్లు విన్నాను ఆ నడక. ఎడమ ముందు కాలు కొంచెం ఈడుస్తాడు. పిల్లగా ఉన్నప్పుడు మిషన్ కింద నలిగిన కాలు అది.

తలుపు అవతల ఆగింది. తోక తలుపుకు కొట్టుకుంది. ఒకసారి. రెండుసార్లు.

స్టూలు మీద నుంచి లేవలేదు. లేస్తే శబ్దమవుతుంది. తలుపు కింద సందులోంచి రాతి బురద వాసన లోపలికి వచ్చింది. ముక్కు పెట్టి గాలి పీలుస్తున్న చప్పుడు... లోపలి గాలిని.

తర్వాత మొరిగాడు. మూడు.

ఆగాడు.

రెండు.

ఫోన్ వైపు చూశాను. అందులో ఏదీ మోగడం లేదు. ఆరోది సగం దాకా వచ్చింది. అప్పుడు తలుపు అవతల నుంచి, వసారాలోంచి, నా గొంతు వినిపించింది.

"నోర్ముయ్, సుద్దా."

నేను కోసి పారేసిన ముక్క. అదే విసుగు. చివర్లో గొంతు అలాగే పైకి లేచింది.

దాని కింద ఆరో మొరుగు మిగతా సగం వినిపించింది. ఆ రోజు నా అరుపు కింద పడి నేను వినలేదు. అది మొరుగు కాదు. మనిషిని పిలిచినట్టు ఉంది.

లేచి తలుపు వరకు నాలుగడుగులు వేశాను. కావలి దింపే మాటలు నోట్లోకి వచ్చాయి. నీ కావలి... అన్నాను. మళ్లీ మొదలయింది. మూడు. రెండు. ఈసారి మోకాళ్ల మీద కూర్చుని తలుపు కింద సందులోంచి చూశాను. ఫోన్ వెలుతురులో రెండు ముందు కాళ్లు. తెల్లగా, తడిగా. వేళ్లు నా వైపు తిరిగి ఉన్నాయి.

ఆ రోజు వాడు గేటు వైపు చూసి మొరిగాడు. శవం అలాగే పడి ఉంది. ఇప్పుడు ఇంట్లోకి చూసి మొరుగుతున్నాడు.

నా వెనక్కి.

వెనక, నేను ఇప్పటిదాకా కూర్చున్న మూలలో, గొంగళ్లు కదులుతున్న చప్పుడు. గాలి లేదు. ముతక ఉన్ని గోడకు రాసుకుంటున్న చప్పుడు... మెల్లగా... కింద నుంచి పైకి.

అప్పుడు అర్థమైంది. కావలి దింపితే వాడు వెళ్లిపోతాడు. వాడొక్కడే వెళ్లిపోతాడు.

"ఎవరు?" అన్నాను.

స్టూలు కిర్రుమంది. ఎవరో కూర్చున్నట్టు. తర్వాత మైకు దగ్గర ఊపిరి. నేను చదవడానికి ముందు తీసుకునే ఊపిరిలాగే, గుండెల నిండా ఒకటి.

అది ఏం చదువుతుందో వినడానికి ఆగలేదు. తలుపు గడియ లాగేశాను.

"సుద్దా, రా," అన్నాను. "రా నాన్నా. రా."

తలుపు అవతల ఏమీ లేదు. మబ్బు మాత్రం ఉంది. కానీ నా మోకాలికి తడి వెంట్రుకలు రాసుకుంటూ ఏదో లోపలికి వెళ్లింది. వెనక గుర్రుమన్న చప్పుడు. వెనక్కి తిరగకుండా వసారా స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. కరెంటు వచ్చింది. వాన మళ్లీ పడడం మొదలైంది.

గదిలో ఎవరూ లేరు. మధ్య గొంగడి కింద పడి ఉంది. రెండో వరస బండల మీద నాలుగు తెల్లటి అడుగులు. వేళ్లు మూల వైపు, మడమలు నా మంచం వైపు.

రికార్డు వినకుండానే పంపించాను. అవును, పంపించాను. రెండు రోజులకు ప్రేమ్‌సాగర్ ఫోన్ చేశాడు. భాగం అదిరిందట. పిలుపు అయ్యాక వెనకాల సన్నగా ఒక ఆడగొంతు చదువుతూ ఉంటుంది, అది ఏ భాష మేడమ్ అని అడిగాడు. కన్నడం కొంచెం వచ్చు తనకి, కన్నడం మాత్రం కాదన్నాడు.

ఇల్లు వదిలి పోవచ్చు కదా అంటారు. పోయాను. యాలాల్‌లో అమ్మ దగ్గర రెండు రోజులున్నాను. రెండో రోజు పొద్దున అమ్మ తడిబట్టతో నేల తుడుస్తూ, ఎవరి కుక్కో ఇంట్లకొచ్చింది, నడుమ గీ ఈడ్చినట్టున్నది ఏందో అని గొణుక్కుంటోంది. అదే రోజు తాండూరు వచ్చి రైలెక్కి వికారాబాద్‌లో దిగాను. అమ్మ ఇంట్లో తలుపు నుంచి మంచం దాకా అంత దూరం లేదు. మూడు వరసలే.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆరున్నరకు పిలుస్తున్నాను. పిలిస్తే వస్తాడు. రాత్రి తోక చప్పుడు ఉండదు, గోళ్ల చప్పుడు ఉంటుంది. పొద్దున అడుగులు చూసుకుంటాను. రెండు వారాలు రెండో వరస మీదే నిలిచాడు. తర్వాత మూడు. ఒక వారం బాగా నిలబడ్డాడు. తర్వాత వరసగా నాలుగు, ఐదు. ఎప్పుడూ వేళ్లు మూల వైపే. మడమలు నా వైపే. వెనక్కి వెనక్కి వస్తున్నాడు.

పోయిన వారం కాశమ్మ మందను కొడంగల్ వైపు తోలుకుపోతూ గేటు దగ్గర ఆగింది. గొంగళ్లు వెనక్కి తీసుకుంటావా అని అడిగితే వద్దంది. ఇంట్లోకి చూడలేదు. నా ముఖం చూసింది.

"దింపెయ్యి," అంది. "అది కుక్క, బిడ్డా. ఎన్నిసార్లు సస్తది?"

"దింపితే నా సంగతేంది పెద్దమ్మా?"

"గా సంగతి నువ్వు పిలిచినప్పుడే ఆలోచించాలె."

కోపంగా అనలేదు. వాన వస్తుందేమో అన్నంత మామూలుగా అని, మంద వెనక వెళ్లిపోయింది. చివరి గొర్రె కనపడకుండా పోయేదాకా అక్కడే నిలబడ్డాను.

బతికున్నప్పుడు వాణ్ని గడప బయట నిలబెట్టి పని చేసుకున్నాను. చచ్చాక వాడి ఆఖరి అరుపు కోసి వాడుకున్నాను. ఇప్పుడు నాకు అడ్డం నిలబెట్టి వాడుకుంటున్నాను. రాణుల గురించి, వాళ్ల త్యాగాల గురించి నా అంత బాగా ఎవరూ రాయలేరని జనం రాస్తుంటారు.

ఇవాళ పొద్దున అడుగులు ఎనిమిదో వరస మీద ఉన్నాయి. మంచం దిగబోతూ చూసి కాళ్లు పైకి తీసుకున్నాను. ఎప్పటిలాగే మడమలు నా వైపు.

మూడే ఉన్నాయి.

ఈడ్చే ఎడమ ముందు కాలు గుర్తు లేదు. అది ఎక్కడుందో అని గదంతా వెతికాను. గొంగళ్ల వెనక మాత్రం చూడలేదు.

ఆరున్నర కావస్తోంది. పిలవాలి.